పైలింగ్ వాళ్లకు అసోసియేషన్ పెడితే ఏం ఒరుగుతుంది?

మీరు అడిగింది ఇది. కావలిలో పైలింగ్ పనికి, అంటే నేలలో లోతుగా బోరు తవ్వి కాంక్రీటు స్తంభాలు పోసే పునాది పనికి, మీకు ఒక హైడ్రాలిక్ రిగ్గు (బోరు తవ్వే యంత్రం), రెండు డీఎంసీ సెట్లు (బురద నీళ్లు తిప్పుతూ తవ్వే సామాను) ఉన్నాయి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పైలింగ్ చేసే పది పన్నెండు మంది కలిసి అసోసియేషన్ పెడదామంటున్నారు. మీ నాన్నగారేమో "చందా కట్టి, భోజనం చేసి, ఫొటో దిగి రావడం తప్ప ఏముంది" అంటున్నారు. బయటి దేశాల్లో పునాది పనులు చేసే కంపెనీలకు ఫెడరేషన్లు ఉన్నాయని విన్నారు. అవి నిజంగా ఏం చేస్తాయి, మన దగ్గర అలాంటిది పనికొస్తుందా అన్నది మీ సందేహం.

నేను ఈ పనిలో ఇరవై ఏడేళ్లుగా ఉన్నాను. ట్రైపాడ్ దగ్గర విన్చి నడపడంతో మొదలుపెట్టాను. చాలాకాలం నేనూ మీ నాన్నగారి మాటే అనేవాడిని. ఆ అభిప్రాయం ఒక రిగ్గు పక్కకు వాలిన రోజు మారింది. ముందు ఆ సంగతి చెబుతాను.

ముత్తుకూరు వైపు ఒక సైటు. కార్తీక మాసం, నాలుగు రోజులు ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది. అడుగున మెత్తటి నల్ల బురద మట్టి, దాని మీద రెండడుగుల గ్రావెల్ తోలి రోలర్ తిప్పారు. చూడటానికి గట్టిగానే ఉంది. మధ్యాహ్నం కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే ఇనుప గొట్టం) బయటికి లాగుతుండగా ఒకవైపు ట్రాక్ దిగబడిపోయింది. మాస్టు, అంటే రిగ్గు నిలువు స్తంభం, మెల్లగా వాలుతుంటే ఆపరేటర్ దూకేశాడు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. రిగ్గు మాత్రం మూడు నెలలు షెడ్డులో పడి ఉంది. మెయిన్ కాంట్రాక్టర్ వర్క్ ఆర్డర్ తీసి చూపించాడు. "సైటు ఉన్నది ఉన్నట్టుగా అప్పగించబడును" అని ఒక్క లైను ఉంది. ఆ లైను మీద నేను సంతకం పెట్టి ఉన్నాను. రిపేరు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, పని ఆలస్యమైనందుకు కోత, మూడూ నా నెత్తినే పడ్డాయి.

ఆ తర్వాత కూర్చుని లెక్క వేశాను. రిగ్గు బరువు 60 టన్నులు. ఒక్కో ట్రాక్ 0.8 మీటర్ల వెడల్పు, నేలను తాకే పొడవు నాలుగున్నర మీటర్లు. రెండు ట్రాకులకూ కలిపి 7.2 చదరపు మీటర్లు. అంటే రిగ్గు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే చదరపు మీటరుకు 8.3 టన్నుల ఒత్తిడి. కేసింగ్ లాగేటప్పుడు బరువంతా ముందు అంచుకు చేరుతుంది, అక్కడ ఒత్తిడి దీనికి రెట్టింపు కూడా దాటొచ్చు. ఇక అడుగున ఉన్న బురద మట్టి కోత బలం (జారిపోకుండా ఆగే శక్తి) చదరపు మీటరుకు ఒకటిన్నర టన్నులు అనుకుందాం, మన తీరంలో అలాంటివి కొత్తేమీ కాదు. దాన్ని ఇంజనీర్లు మెత్తటి బంకమట్టికి వాడే 5.14 అనే అంకెతో గుణిస్తే ఆ మట్టి పూర్తిగా విఫలమయ్యే హద్దు వస్తుంది, అది 7.7 టన్నులు. అంటే పైన గ్రావెల్ పొర బరువును సరిగ్గా పంచకపోతే ఆ నేల రిగ్గును ఉత్తినే నిలబెట్టడానికి కూడా చాలదు. ఈ లెక్కకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మేము గానీ, మెయిన్ కాంట్రాక్టర్ గానీ పెట్టలేదు. పెట్టాలని ఎవరికీ బాధ్యత లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నది ఏమంటే, ఈ సమస్యకు బ్రిటన్‌లో పైలింగ్ కంపెనీల ఫెడరేషన్ ఎప్పుడో దారి చూపింది. దాని పేరు ఫెడరేషన్ ఆఫ్ పైలింగ్ స్పెషలిస్ట్స్, ఎఫ్‌పీఎస్ అంటారు. ట్రాకుల మీద నడిచే యంత్రాల కింద ప్లాట్‌ఫారం, అంటే బరువు మోసే గ్రావెల్ పరుపు, ఎలా డిజైన్ చేయాలో వాళ్ల చొరవతో బీఆర్‌ఈ అనే పరిశోధన సంస్థ 2004లో ఒక మార్గదర్శిని ప్రచురించింది. దాంతోపాటు వర్కింగ్ ప్లాట్‌ఫారం సర్టిఫికెట్ అని ఒక కాగితం తెచ్చారు. రిగ్గు సైటులో దిగకముందే మెయిన్ కాంట్రాక్టర్ దాని మీద సంతకం పెట్టాలి. ప్లాట్‌ఫారం ఈ రిగ్గు బరువుకు డిజైన్ చేశాం, ఆ ప్రకారమే వేశాం, పని అయ్యేదాకా వానకు పాడైనా, గుంతలు తవ్వి పూడ్చినా సరిచేస్తూ ఉంటాం అని ఆ సంతకానికి అర్థం.

అందులో పెద్ద ఇంజనీరింగ్ రహస్యమేమీ లేదు. అలాంటి కాగితం నేనూ తయారు చేయగలను. కానీ నేనొక్కడినే వెళ్లి "సార్, ఈ సంతకం పెడితేనే రిగ్గు దింపుతా" అంటే, సాయంత్రానికల్లా ఇంకొకరి రిగ్గు ట్రైలర్ మీద వచ్చి దిగుతుంది. ఆ ఇంకొకరు మీరే కావచ్చు. మీ సైటుకు వచ్చేది నేనే కావచ్చు. అందరూ అదే కాగితం అడిగితే అది ఎవరి పేచీ కాదు, పనిలో ఒక మామూలు పద్ధతి అయిపోతుంది. ఒక్కొక్కరుగా అడిగితే పని పోయేవాటిని అందరూ కలిసి మామూలు పద్ధతిగా మార్చడం, ఫెడరేషన్ చేసే అసలు పని ఇదేనని నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి, లేకపోతే అన్ని సంస్థలూ ఒకటే అనిపిస్తాయి. యూరప్‌లో ఈఎఫ్‌ఎఫ్‌సీ అని ఉంది, యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ ఫౌండేషన్ కాంట్రాక్టర్స్, 1989లో పెట్టారు. అందులో సభ్యులు ఒక్కో దేశపు కాంట్రాక్టర్ల సంఘాలు, అంటే అది సంఘాల సంఘం. అమెరికాలో 1976లో మొదలైన డీప్ ఫౌండేషన్స్ ఇన్‌స్టిట్యూట్, డీఎఫ్‌ఐ, వేరే రకం. అందులో కాంట్రాక్టర్, డిజైనర్, ప్రొఫెసర్, యంత్రాలు అమ్మేవాళ్లు అందరూ కలిసి కూర్చుంటారు. దానికి మన దేశంలో డీఎఫ్‌ఐ ఆఫ్ ఇండియా అనే శాఖ ఉంది. 1948 నుంచి ఉన్న ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ పూర్తిగా విద్వత్ సభ లాంటిది, ఏటా సదస్సు పెడుతుంది. 1941లో పుట్టిన బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా మొత్తం కాంట్రాక్టర్లందరిదీ. అందులో మెయిన్ కాంట్రాక్టర్లూ ఉంటారు. మన బిల్లు ఆపేది వాళ్లే అయినప్పుడు మన గొడవ అక్కడ ఎంతవరకు వినిపిస్తుందో మీరే ఊహించండి. వీటిలో చేరొద్దని అనడం లేదు. డీఎఫ్‌ఐ ఆఫ్ ఇండియా సమావేశాల్లో నేర్చుకున్నది నాకు చాలా పనికొచ్చింది. కానీ జ్ఞానం పంచే సంస్థ వేరు, పని షరతుల కోసం నిలబడే సంస్థ వేరు. మన దగ్గర లోటు రెండో దానిది.

జ్ఞానం సంగతి ఎత్తాను కాబట్టి కాంక్రీటు గురించి చెప్పాలి. ఇది నాకు బాగా దగ్గరి విషయం. పెన్న పక్కన ఒక వంతెన పని. ఇసుక, సన్న బంకమట్టి పొరలు పొరలుగా ఉన్న నేల. మీటరు వ్యాసం పైల్స్, కేజ్‌లో (పైల్‌లో దింపే కమ్మీల బుట్టలో) ఇనుము బాగా దట్టం. రోహిణి కార్తె ఎండలో ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) బండి ప్లాంటు నుంచి వచ్చేసరికి గంట దాటేది. ప్లాంటు దగ్గర 180 మి.మీ. స్లంప్ (కోన్ ఎత్తాక కాంక్రీటు కుంగే కొలత), మా దగ్గరకొచ్చేసరికి 120. ట్రెమీలో, అంటే బోరు అడుగుకు కాంక్రీటు దింపే గొట్టంలో, అతికి అతికి దిగేది. పైల్స్ గురించిన మన కోడ్ ఐఎస్ 2911లో ట్రెమీతో పోసే కాంక్రీటుకు 150 నుంచి 180 మి.మీ. స్లంప్ అని ఉంది. ఘనపు మీటరుకు కనీసం 400 కిలోల సిమెంటు కూడా అదే చెబుతుంది. స్లంప్ తగ్గినప్పుడల్లా నీళ్లు పోయనివ్వలేదు, అక్కడ గట్టిగా నిలబడ్డాం. అయినా పైల్ లోపలి లోపాలు వెతికే ఇంటెగ్రిటీ టెస్టులో నాలుగు పైల్స్‌కు మధ్యలో లోపం కనిపించింది. తవ్వి చూస్తే కేజ్ బయట, కమ్మీలను కప్పే కాంక్రీటు (కవర్) ఉండాల్సిన చోట బెంటోనైట్ (బోరు గోడ నిలవడానికి నింపే బంకమట్టి ద్రవం) కలిసిన మట్టి ఇరుక్కుని ఉంది. కాంక్రీటు కమ్మీల సందుల్లోంచి బయటికి పారలేదు. ఆ నాలుగింటి పక్కన ఎనిమిది కొత్త పైల్స్ నా సొంత డబ్బుతో వేశాను.

రెండేళ్ల తర్వాత ఒక పెళ్లిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే తెలిసింది, సరిగ్గా ఇదే లోపం అదే ఏడు ఇంకో ఇద్దరికి వచ్చిందని. ఒకరిది కోవూరు దగ్గర, ఇంకొకరిది గూడూరు వైపు. ముగ్గురమూ పరువు పోతుందని నోరు మెదపలేదు. ముగ్గురమూ విడివిడిగా డబ్బు పోగొట్టుకున్నాం. మొదటి వాడు చెప్పి ఉంటే మిగతా ఇద్దరం మిక్స్ మార్పించుకునేవాళ్లం.

ఇదే రకం లోపాలు యూరప్‌లోనూ, అమెరికాలోనూ వచ్చాయి. అక్కడ ఈఎఫ్‌ఎఫ్‌సీ, డీఎఫ్‌ఐ కలిసి ఒక బృందాన్ని పెట్టి, సైట్ల మీద పరీక్షలు చేయించి, లోతైన పునాదుల్లో ట్రెమీ కాంక్రీటు గురించి ఒక గైడ్ రాశాయి. 2016లో మొదటి కూర్పు, 2018లో రెండోది. ఉచితంగా దొరుకుతుంది, దించుకుని చదవండి. కోన్ ఎత్తాక కాంక్రీటు ఎంత కుంగిందన్నది ఒక్కటే చాలదు, ఎంత దూరం పరుచుకుందో కూడా కొలవాలని, పోసే పని మొత్తం అయ్యేదాకా ఆ పారే గుణం నిలవాలని, కమ్మీల మధ్య సందు తగినంత ఉండేలా డిజైనర్ చూడాలని అందులో ఉంది. ఆఖరి మాట చాలా ముఖ్యం. కేజ్ దట్టంగా ఉంటే కాంక్రీటు పారదని ఒక కాంట్రాక్టర్ చెబితే సాకు అంటారు. రెండు ఫెడరేషన్లు పరీక్షలు చేసి అచ్చువేసిన పుస్తకం చూపిస్తే డిజైనర్ మళ్లీ డ్రాయింగ్ తీస్తాడు. నేను ఆ పేజీలు ప్రింటు తీసి పట్టుకెళ్లి ఒక సైటులో కమ్మీల మధ్య దూరం మార్పించాను. రెండు సన్న కమ్మీల బదులు ఒక లావు కమ్మీ, అంతే. ఆ సైటులో ఒక్క పైలూ చెడలేదు.

ప్రమాణాలు రాసే చోట కూడా ఇలాగే జరుగుతుంది. బోర్డ్ పైల్స్‌కు యూరప్‌లో వాడే ఈఎన్ 1536 మొదట 1999లో వచ్చింది. దాన్ని రాసిన కమిటీలో కాంట్రాక్టర్ల తరఫున మనుషులు కూర్చున్నారు, అందుకే అందులో సైటు వాసన ఉంటుంది. మన దగ్గర పునాదుల కోడ్‌లు చూసేది జాతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌లోని సీఈడీ 43 కమిటీ. కోడ్ మార్చేటప్పుడు ముసాయిదాను అభిప్రాయాల కోసం బయట పెడతారు, ఎవరైనా రాసి పంపొచ్చు. నెల్లూరు తీరంలో డీఎంసీతో తవ్వేవాడి అనుభవం అక్కడికి ఎప్పుడైనా చేరిందా? ఎవరూ రాయకపోతే ఎలా చేరుతుంది? ఒంటరిగా రాయడానికి మనకు తీరిక ఉండదు. సంఘం తరఫున ఒకరు కూర్చుని రాస్తే చాలు.

ఇక డబ్బు. మన పనికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఏమిటంటే, సైటులో అందరికంటే ముందు దిగేది మనం, ముందు వెళ్లిపోయేదీ మనమే, రిటెన్షన్ డబ్బు (బిల్లులో హామీగా ఆపే వాటా) మాత్రం అందరితో పాటు ఆఖర్న వస్తుంది. మూడు నెలల్లో పైల్స్ వేసి పోతాం. భవనం లేవడానికి రెండేళ్లు, ఆ తర్వాత డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలకు బాధ్యత ఉండే గడువు) ఒక ఏడాది. మన ఐదు శాతమో పది శాతమో మూడేళ్ల పైన వాళ్ల దగ్గరే ఉంటుంది. ఈలోపు ఆ మెయిన్ కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే అంతే సంగతులు. పైల్ పని పూర్తయి, టెస్టులు పాసై, పైల్ క్యాపులు (పైల్స్ తలలను కలిపే కాంక్రీటు దిమ్మెలు) పడ్డాక మన రిటెన్షన్ విడుదల కావాలి, లేదా బ్యాంకు గ్యారంటీ తీసుకుని డబ్బు ఇవ్వాలి అని అడగడం న్యాయమైన కోరిక. బ్రిటన్‌లోనూ స్పెషలిస్టు కాంట్రాక్టర్ల సంఘాలు రిటెన్షన్ మీద ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి. అక్కడా ఇంకా పూర్తిగా తేలలేదు, కాబట్టి మనకు రాత్రికి రాత్రి జరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు.

లోడ్ టెస్టు ఖర్చు కూడా ఇలాంటిదే. 100 టన్నుల పైలుకు రొటీన్ టెస్టు అంటే 150 టన్నుల దాకా ఎక్కించాలి. పైన పేర్చే బరువు దానికంటే ఇంకో పాతిక శాతం ఎక్కువ ఉండాలి, అంటే దాదాపు 190 టన్నుల ఇసుక మూటలో కాంక్రీటు దిమ్మెలో. అది ఎవరు తెస్తారు, ఎవరు ఇస్తారు అన్నది చాలా వర్క్ ఆర్డర్లలో ఉండదు. ఖాళీ బోరుకు (తవ్వినా కాంక్రీటు పోయని పై భాగానికి) కొలత ఉందా, మట్టి గోడ కూలి అదనంగా పట్టిన కాంక్రీటు ఎవరిది, బెంటోనైట్ బురద ఎక్కడ పోయాలి, గట్టి పొర తగిలితే రేటు ఏంటి, ఇవన్నీ అంతే. సాయిల్ రిపోర్టు "సమాచారం కోసం మాత్రమే" అని రాసి చేతులు దులుపుకుంటారు. రెండు ఎకరాల సైటుకు రెండు బోర్లు వేసి రాసిన రిపోర్టును నమ్మి రేటు ఇచ్చేది మాత్రం మనం. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, హైవే తెగినప్పుడు నా రిగ్గు పెన్న అవతల పన్నెండు రోజులు నిలిచిపోయింది. ఐడిల్ చార్జీ (యంత్రం ఖాళీగా ఉన్నందుకు ఇచ్చే డబ్బు) ఒక్క రూపాయి రాలేదు. ఆర్డర్‌లో ఆ మాటే లేదు. అలాంటి మాట ఉండాలని కూడా నాకు అప్పటిదాకా తట్టలేదు.

అందుకే మీ అసోసియేషన్ చేయాల్సిన మొదటి పని ఉమ్మడి షరతుల కాగితం రాసుకోవడం. రెండు పేజీలు మించొద్దు. దాన్ని కొటేషన్‌కు వెనక అందరూ జతపరచాలి. చిన్న పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) చట్టంలో బిల్లు చెల్లించడానికి ఉన్న 45 రోజుల గడువు గురించి చాలామంది చెబుతుంటారు. వర్క్స్ కాంట్రాక్టులకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై హైకోర్టుల తీర్పులు ఒకే రకంగా లేవు. ఒక్కొక్కరం విడివిడిగా లాయరుకు ఫీజు కట్టే బదులు సంఘం ఒకసారి లిఖితపూర్వకంగా సలహా తీసుకుంటే పన్నెండు మందికీ పనికొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. మీరు రాసినదాంట్లో "మీటరుకు ఇంత కంటే తక్కువకు ఎవరూ వేయకూడదని తీర్మానం చేద్దాం" అన్న ఆలోచన కనిపించింది. దాని జోలికి పోవద్దు. 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం పోటీదారులు కలిసి రేటు నిర్ణయించుకోవడం, టెండర్లు పంచుకోవడం నేరుగా తప్పు. అసోసియేషన్ ముసుగు వేసుకున్నా అది తప్పే. 2012లో కాంపిటీషన్ కమిషన్ సిమెంటు కంపెనీలతో పాటు వాటి అసోసియేషన్ మీద కూడా జరిమానా వేసింది, ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి పై మెట్లకు సాగింది. వాళ్లకు లాయర్లున్నారు, మనకు లేరు. చట్టం భయం పక్కన పెట్టినా, రేటు తీర్మానం మన ఊళ్లలో ఆరు నెలలు కూడా నిలవదు. పని తగ్గిన మొదటి వాడు తక్కువకు ఒప్పుకుంటాడు, అక్కడితో మనసులు విరిగి సంఘం పోతుంది. భద్రత, కొలతలు, చెల్లింపు షరతులు, శిక్షణ, వీటి గురించి ఎంతైనా మాట్లాడుకోండి. ఎవరి రేటు వాళ్లది. మినిట్స్ పుస్తకంలో రేటు అన్న అంకె ఎక్కడా పడకూడదు.

మీ నాన్నగారి అనుమానంలోనూ నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. పెద్ద సభ్యులు కుర్చీలు పట్టుకుని తమ టెండర్ల కోసం లెటర్‌హెడ్ వాడుకున్న సంఘాలు నేనూ చూశాను. ఎఫ్‌పీఎస్ లాంటి చోట దీనికి విరుగుడు సభ్యత్వంలోనే ఉంది. చందా కట్టగానే చేర్చుకోరు. బయటి ఆడిటర్ వచ్చి భద్రత, నాణ్యత, శిక్షణ ఎలా ఉన్నాయో చూసి వెళ్తాడు, అది పాస్ కావాలి. దాంతో ఆ పేరు పక్కన ఉంటే క్లయింటుకు ఒక నమ్మకం. మనం ఆ స్థాయికి మొదటి రోజే పోలేం. కానీ రిగ్గుల వైర్ రోపులు, బ్రేకులు, ఆపరేటర్ల లైసెన్సులు, నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో (బీఓసీడబ్ల్యూ) కూలీల నమోదు, ఈ నాలుగూ ఏడాదికొకసారి ఒకరి సైటును ఇంకొకరు వెళ్లి చూసి సంతకం పెట్టే పద్ధతి పెట్టుకోగలం. ఆ నమోదు విషయం నాకు ముఖ్యం. మన రిగ్గుల మీద బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు పనిచేస్తున్నారు. బిల్లుల్లో ఒక శాతం సెస్సు కోస్తూనే ఉన్నారు, ఆ కుర్రాళ్లలో ఎంతమందికి కార్డు ఉంది? ఆ రోజు దూకిన మా ఆపరేటర్‌కు లేదు.

పెట్టే తీరు గురించి క్లుప్తంగా. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 కింద ఏడుగురు ఉంటే రిజిస్టర్ చేయొచ్చు. ఓటు హక్కు సొంత యంత్రంతో పునాది పని చేసేవాళ్లకే ఇవ్వండి. ఆర్‌ఎంసీ వాళ్లు, బెంటోనైట్ డీలర్లు, సాయిల్ టెస్టింగ్ ల్యాబుల వాళ్లు అసోసియేట్లుగా రావొచ్చు, ఓటు వద్దు. జిల్లా పేరు పెట్టకండి. కందుకూరు వైపు మండలాలు 2022లో ప్రకాశం నుంచి నెల్లూరుకు మారాయి, సరిహద్దులు ఇలా మారుతూనే ఉంటాయి. నేల మాత్రం మారదు, రామాయపట్నం బురద ఏ జిల్లాలో ఉన్నా బురదే.

ఒంగోలు వైపు రేగడి నేలల్లో ఇళ్లకు అండర్ రీమ్డ్ పైల్స్ వేసే చిన్న మేస్త్రీలను మర్చిపోవద్దు. చేతి ఆగర్‌తో మూడున్నర మీటర్లు తవ్వి కింద గుమ్మటంలా వెడల్పు చేసే వాళ్లు పెద్ద రిగ్గుల వాళ్ల కంటికి ఆనరు. కానీ వాళ్ల దగ్గర గుమ్మటం సరిగ్గా విచ్చుకుందో లేదో కొలిచే సాధనం ఉండదు, అక్కడ తప్పు జరిగితే గోడలు చీలేది అప్పు చేసి ఇల్లు కట్టుకున్న టీచరుదో, రైతుదో. వాళ్లను తక్కువ చందాతో చేర్చుకుని, ఒంగోలులో ఒక ఆదివారం కొలిచే పద్ధతి చూపించండి. నేను వచ్చి చెబుతాను.

మొదటి మీటింగుకు అందరినీ తలా మూడు పాత వర్క్ ఆర్డర్లు తెమ్మనండి. రేట్లు ఉన్న పేజీ తీసేసి తెమ్మనండి. బల్ల మీద పరిచి, ఎవరికి ఏ లైను వల్ల డబ్బు పోయిందో ఎర్ర పెన్నుతో గీత గీయించండి. అప్పుడు మీ రెండు పేజీల షరతులు వాటంతట అవే బయటికి వస్తాయి. ప్లాట్‌ఫారం సర్టిఫికెట్ నేను తెలుగులో రాసుకున్నది ఉంది, మీ రిగ్గు మోడల్, బరువు, ట్రాక్ వెడల్పు పంపితే దానికి తగ్గట్టు లెక్క వేసి ఇస్తాను. ఈ ఈశాన్య వానలు మొదలయ్యేలోపు అయితే మంచిది. మీ నాన్నగారిని కూడా ఆ మీటింగుకు తీసుకురండి, ఆయన దగ్గర మూడు కాదు, ముప్పై వర్క్ ఆర్డర్లు ఉంటాయి.